అభిషేకం పాలు

నాగరత్నమ్మ నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు. నడవలో స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. కోడలు పెట్టిన సంగటి ముద్ద పక్కనే ఎండిపోతోంది. అన్నం మీద అలిగిన మనిషి వక్కాకు మీద మాత్రం అలగలేదు.

"రేపు కోర్టులో నా కొడుకు ఆ మాట అన్యాడంటే ఈ ఇంట్లో నేను మెతుకు ముట్టేది లేదు," అంది, ఎవరితోనూ కాదు, ఎదురుగోడతో.

"ఏ మాట అత్తా?" అంది ప్రమీలమ్మ.

"పాలమ్ముకున్న మాట."

"అమ్ముకున్యాం గదా."

"నువ్వు అమ్ముకున్యావు. పెద్దిల్లు అమ్ముకోలేదు."

ప్రమీలమ్మ ఎడమచేత్తో చేటలో శనక్కాయలు ఏరుతోంది. కుడిచేయి ఒళ్ళో ఉంది. ఏడాదిన్నరగా అది ఒళ్ళోనే ఉంటోంది. మణికట్టు దగ్గర వంకర తిరిగింది. వేళ్ళు సగం ముడుచుకుని, పూర్తిగా మూసుకోమంటే మూసుకోవు, తెరుచుకోమంటే తెరుచుకోవు.

వెంకటేశులు మంచం మీద కూర్చుని గొడుగు బాగుచేస్తున్నాడు. ఆ గొడుగుకు ఏమీ కాలేదు. తల్లీ పెళ్ళామూ మాట్లాడుకునేటప్పుడు అతనికి ఎప్పుడూ ఏదో ఒకటి బాగుచేయవలసి వస్తుంది.

"ఏమయ్యా, నువ్వు చెప్పు," అంది ప్రమీలమ్మ. "రేపు ప్లీడరు అడిగితే ఏం చెప్తావు?"

"అప్పుడు సూద్దాంలే."

"అప్పుడు సూసేదేముండాది? ఈ పొద్దే చెప్పు."

అతను గొడుగు కడ్డీ ఒకటి వంచి, మళ్ళీ నిటారు చేశాడు.

దిన్నెమీదపల్లెలో వాళ్ళ ఇంటిని పెద్దిల్లు అంటారు. ఇల్లు పెద్దదే. డెబ్బై ఆరు కరువులో బావులెండి, వరసగా శనక్కాయ పోయి, చివరికి పెద్దరికం ఒక్కటే పచ్చగా మిగిలింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న మాట ఆ ఇంటిని చూసే పుట్టి ఉండాలి. ఆ రోజుల్లో ప్రమీలమ్మ కుప్పంలోని పుట్టింటి నుంచి ఒక సీమావును తోలుకొచ్చింది. అది రెండయింది. పాలు మిగిలాయి. కాని పెద్దింట్లో మజ్జిగ ఎవరడిగినా ఊరికే పోస్తారు గాని పాలు అమ్మరు. అమ్మితే లక్ష్మి పోతుంది, మర్యాద అంతకంటే ముందే పోతుంది.

అందుకని ఒక ఏర్పాటు జరిగింది. పాలు పెద్దింటివి, పాలకార్డు వీధి చివర గొర్రెలూ ఒక నాటావూ మేపుకునే మునియమ్మది. మునియమ్మ తెల్లవారకముందే దొడ్డివాకిలి దగ్గర క్యాను అందుకుని, రోడ్డు మీది పాల సెంటరులో తన కార్డు మీద పోసి, పదిహేను రోజులకొకసారి డబ్బు కొంగున కట్టుకొచ్చి ఇచ్చేది. ఇలా ఏడేళ్ళు. ఆ డబ్బుతో ఇల్లు నడిచింది. వెంకటేశులు కాఫీ తాగాడు, నాగరత్నమ్మ వక్కాకు నమిలింది. ఎక్కడిదని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

ఒక్కరోజు మునియమ్మకు జ్వరం వచ్చింది. ఆ ఒక్కరోజే ప్రమీలమ్మ తలమీద ముసుగు కప్పుకుని తానే క్యాను మోసుకుపోయింది. పుంగనూరు రోడ్డు మలుపులో, ఇంకా మసక విడవకముందే, లైట్లు లేని కారొకటి వచ్చి ఆమెను కొట్టేసింది. కుర్ర డ్రైవరు కునికిపాటు పడ్డానని తానే ఒప్పుకున్నాడు. తప్పు కారుదేనన్న దగ్గర పేచీ లేదు. పేచీ అంతా పాల దగ్గర వచ్చింది.

రోడ్డంతా తెల్లగా పారిన పాలు చూసి పోలీసులు అడిగితే నాగరత్నమ్మ తడుముకోకుండా చెప్పింది. "శివుడి అభిషేకానికి పాలు తీసుకపోతాండాది నా కోడలు." వాళ్ళు అదే రాసుకున్నారు. కోడలు ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న పొద్దున అత్త ఇంటి పరువును అంత చురుగ్గా కాపాడింది.

ఇన్సూరెన్సు కంపెనీ మీద కేసు వేసినప్పుడు మదనపల్లె ప్లీడరు ఆంజనేయులు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి చెప్పాడు. "అమ్మా, కోర్టు డబ్బు ఇచ్చేది చేతికి కాదు. ఆ చేయి సంపాదించేదానికి. ఏమీ సంపాదించని చేయి అయితే నొప్పికీ మందులకూ ఏదో కాస్త ఇచ్చి పంపేస్తారు."

ఆ కాస్తతో రాయవేలూరు ఆస్పత్రికి పోయేది లేదు. రెండేళ్ళు నిండకముందే రెండో ఆపరేషను చేస్తే వేళ్ళు మూసుకుంటాయని, ఆ తర్వాత ఎవరివల్లా కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఇంకా ఆరు నెలలున్నాయి. ప్రమీలమ్మకు కావలసింది నిజానికి డబ్బు కాదు, పిడికిలి. పొదుగు కింద కూర్చుని మళ్ళీ పాలు పితికే పిడికిలి.

పోయిన వాయిదాలో ఆమె బోనెక్కి పాలమ్మిన సంగతి చెప్పేసింది. ఆమె ఊరు చేరేలోపలే ఆ మాట ఊరు చేరింది. అప్పటినుంచి ఇంట్లో ఈ అలకలు. రేపు ఆ మాట నిజమని చెప్పవలసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మొగుడు, ఒకరు మునియమ్మ.

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడతాది," అంది నాగరత్నమ్మ. "మా మామ బతికుండంగా ఈ ఇంట్లో ఇరవై ఆవులు. వొక్క సెంబు పాలు అమ్మింది లేదు."

"ఆ పొద్దు ఇరవై ఉండె. ఈ పొద్దు మీ కాఫీకి పాలు యాడనుంచి వస్తాండాయి అత్తా?"

నాగరత్నమ్మ వక్కాకు నోట్లో పెట్టుకుంది. ప్రమీలమ్మ చేయి పోయాక పితికే దిక్కులేక రెండు ఆవులనూ పుంగనూరు సంతలో అమ్మేశారు. ఆవులు అమ్మడానికి పెద్దరికం అడ్డం రాలేదు. ఇప్పుడు పెద్దింటి కాఫీకి మునియమ్మే డబ్బులకు పాలు పోస్తోంది.

"కొనుక్కునేదానికి లేని సిగ్గు అమ్ముకునేదానికి యాల?"

"సూస్తివా నాయినా, నోరు," అంది నాగరత్నమ్మ కొడుకుతో. "చేయి పడిపోయిందే గాని నోరు పడిపోలేదు."

వెంకటేశులు మొదటిసారి తలెత్తాడు. "నువ్వన్నా అర్థం చేసుకో," అన్నాడు పెళ్ళాంతో. "రేపు ఊరంతా వస్తాండాది. రామసముద్రం నుంచి మామోళ్ళు గూడా వస్తాండారు. అందరి ముందర అడుగుతారే."

"అడగనీ. నిజం చెప్పేదానికి భయమేంటికి?"

"పెండ్లాం పాలమ్మితే కూచోని తిన్యాడంటారు."

"తిన్లేదా?"

 పెరట్లో ఆవులు లేక ఖాళీగా ఉన్న గాటిపాట మీద కాకి ఒకటి వాలి, ఏమీ దొరక్క పోయింది.

"సెప్తాలే," అన్నాడు వెంకటేశులు చివరికి. "తెలుసునని సెప్తాను. సాలునా?"

నాగరత్నమ్మ సంగటి కంచాన్ని ఇంకొంచెం దూరం జరిపింది. ప్రమీలమ్మ మాత్రం మొగుడి మాట నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఆమె మునియమ్మ పాక దగ్గరికి పోయింది.

మునియమ్మ ఎనుముకు కుడితి పెడుతోంది. నల్లగా నిగనిగలాడే ఎనుము. కార్డులో పోసిన పాల లెక్క చూసి బ్యాంకువాళ్ళు ఇచ్చిన అప్పుతో కొన్నది. ఆ పాలలో ముప్పాతిక వంతు పెద్దింటివని బ్యాంకువాళ్ళకు తెలియదు. కోర్టులో చెబితే తెలుస్తుంది.

"కూచో," అంది మునియమ్మ లేవకుండానే.

ప్రమీలమ్మ కూర్చోలేదు. "రేపు పొద్దున బస్సు," అంది.

"తెలుసు. కోర్టు కాయితం వచ్చిండాది."

"పాలు మావని వొక్క మాట చెప్తే సాలు మునియమ్మా."

"ఆ వొక్క మాటకు నా కార్డు పోతాది. కార్డు ఎనకాలే ఎనుము పోతాది."

"పోనీకుండా నేను సూసుకుంటా..."

"నువ్వేం సూసుకుంటావమ్మా? సంతకం పెట్టే చేయి గూడా లేకపాయె నీకు."

అది ఎగతాళి కాదు, ఉన్నమాట. అందుకే ఎక్కువ తగిలింది.

మునియమ్మ కుడితిలో చేయి పెట్టి కలుపుతూ, ఎనుము వైపు చూస్తూనే మాట్లాడింది. "ఏడేండ్లు మీ దొడ్డివాకిట్లో నిలబడినా. వొక్కనాడన్నా ముందరివాకిలికి రమ్మన్యావా? కాఫీ పోస్తివి, లేదన్లేదు. ఎందుట్లో పోస్తివి? గూట్లో ఏరేగా పెట్టిన గ్లాసులో. తాగి, కడిగి, బోర్లించి వస్తి."

"అది అత్త..."

"గ్లాసు పెట్టింది మీ అత్తే. పోసిన చేయి నీదే గదా."

ప్రమీలమ్మ కుడిచేయి కొంగులోకి లాక్కుంది.

"నా గ్లాసుకు అంటు ఉండె. నా పేరుకు మాత్రం లేకపాయె. పాలు పోసేదానికి నా పేరు బాగా పనికొచ్చె," అంది మునియమ్మ.

ప్రమీలమ్మకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఇన్నాళ్ళూ అత్తనూ మొగుణ్ణీ తిట్టుకుంటూ తన చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయనుకుంది.  తప్పయిందని ఒక్క మాట అనవచ్చు. కాని సాక్ష్యం అడగడానికి వచ్చి ఆ మాట అంటే అది కూడా బేరంలాగే ఉంటుంది. అందుకని అనలేదు.

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక మునియమ్మ పిలిచింది. "బస్సుకు వస్తాలే. ఏం చెప్తానో నాకే తెలీదు. ఆడికి పోయినాక నోటికేదొస్తే అది."

మర్నాడు బస్సులో దిన్నెమీదపల్లె సగం ఉంది. వెంకటేశులు చలవ చేసిన పంచె కట్టుకుని ముందు సీట్లో ఊరిపెద్దల మధ్య కూర్చున్నాడు. ప్రమీలమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంది. మునియమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది.

"ఈడ కూచో," అంది ప్రమీలమ్మ.

మునియమ్మ ఆ చోటు వైపు చూసి, ఆమె వైపు చూసింది. "ఏడేండ్లనుంచి లేని చోటు కోర్టు పొద్దు వచ్చిందా?" అని మెల్లగా అని, మదనపల్లె దాకా నిలబడే వచ్చింది.

కోర్టు హాలు వెనక బెంచీలు ఊరివాళ్ళతో నిండిపోయాయి. జాతరకు వచ్చినట్టే వచ్చారు, శనక్కాయలు కూడా తెచ్చుకున్నారు. సాక్షులు బయట ఉండాలి గనుక మునియమ్మ చింతచెట్టు కింద ఆగిపోయింది. కేసు వేసిన మనిషి గనుక ప్రమీలమ్మ లోపల కూర్చుంది.

వెంకటేశులు బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేశాడు. ఆంజనేయులు సావకాశంగా మొదలుపెట్టాడు.

"మీ భార్య ఏం పని చేసేది?"

"ఇంటిపని సార్."

"ఇంకా?"

"ఆవులను సూసుకునేది."

"రెండు ఆవుల పాలు ఏం చేసేది?"

చెప్పవలసిన మాట అదే. వెంకటేశులు పెదవి తడుపుకున్నాడు. అతని చూపు వెనక బెంచీల మీదికి పోయింది. అక్కడ శనక్కాయ ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఇంట్లోకే వాడుకునేవాళ్ళం," అన్నాడు.

ఆంజనేయులు కళ్ళద్దాలు తీశాడు. "దినానికి పద్నాలుగు లీటర్లు. ఇంట్లో ఉండేది ముగ్గురు. వాడుకునేవాళ్ళా?"

హాల్లో నవ్వులు లేచాయి. ఆ నవ్వుతో వెంకటేశులు మెడ బిగుసుకుపోయింది. "వాడుకున్యాం," అన్నాడు మొండిగా. ఆంజనేయులు ఇంకేమీ అడగకుండా కూర్చుండిపోయాడు.

కంపెనీ వకీలు లేచాడు. నవ్వుమొహంతో, ఎంతో మర్యాదగా లేచాడు.

"వెంకటేశులు గారూ, మీ ఇంటిని పెద్దిల్లు అంటారట?"

"అవును సార్."

"మీ తాతగారి కాలంలో ఊరికి కష్టం వస్తే మీ గాదెలు తెరిచేవారట?"

"అవును సార్."

వెంకటేశులు భుజాలు నిటారుగా అయ్యాయి. అంత గౌరవంగా అతన్ని పలకరించి ఎన్నేళ్ళయిందో. పొగడ్త ముందు పోసి, ప్రశ్న వెనక పెట్టాడు వకీలు.

"అటువంటి ఇంటి ఆడవాళ్ళు క్యాను మోసుకుపోయి పాలమ్ముకునే గతి పట్టిందని మీ శ్రీమతి చెప్పారు. పట్టిందా?"

"మా ఇంటికి ఆ గతి పట్టలేదు సార్."

"మరి ఆ రోజు క్యానులో పాలు?"

"శివుడి అభిషేకానికి."

"మంచిది. మునియమ్మ అనే ఆమె ఆ పాలు మీవని చెప్పబోతోందట. డబ్బు తీసుకుని చెబుతోందంటారా?"

ఇక్కడ వెంకటేశులు కాస్త ఆగాడు. ఆగాడని ప్రమీలమ్మ తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుంది. కాని ఆగి కూడా ఆ మాటే అన్నాడు.

"అట్లాంటోళ్ళు రెండు రూపాయలిస్తే ఏమైనా చెప్తారు సార్."

ఏడేళ్ళ పాలు ఒక్క మాటతో శివుడి నెత్తిన పోసేశాడు. ప్రమీలమ్మకు కళ్ళముందు బోనూ మొగుడూ కలిసిపోయాయి. మనిషి మీద ఇంత అసహ్యం ఆమెకు ముందెన్నడూ కలగలేదు. కారు డ్రైవరు మీద కూడా కలగలేదు. ఆ పిల్లవాడు నిద్రలో కొట్టాడు. ఈయన మెలకువగా కొట్టాడు.

మధ్యాహ్నం కోర్టు లేచినప్పుడు వెంకటేశులు వరండాలో ఆమె దగ్గరికి వచ్చాడు. గొడుగు చేతిలోనే ఉంది.

"అంతమంది ముందర ఎట్ల చెప్పేది?"

"ఇంట్లో చెప్తానంటివి."

"ఇల్లు ఏరే, ఈడ ఏరే."

ఆమె చేయి ముందుకు చాపింది. "దీని సంగతి?"

"అప్పుడు సూద్దాంలే," అన్నాడు.

ఆమె ఇంకేమీ అనకుండా మెట్లు దిగి చింతచెట్టు కిందికి పోయింది. మునియమ్మ మూట విప్పుకుని కూర్చుంది. రాగిరొట్టె, ఎర్రగడ్డ.

"ఆయప్ప ఏం చెప్పినాడు?"

పాలమ్మింది నిజమేనని చెప్పినాడు అంటే చాలు. మునియమ్మ ధైర్యంగా లోపలికి పోతుంది, నోటికి వచ్చిన నిజం చెప్పేస్తుంది, వేళ్ళు మూసుకునే ఆశ ఒకటి మిగులుతుంది. ఏడేళ్ళు ఆమె పేరు వాడుకుంది. ఇంకొక్కసారి వాడుకుంటే ఎవరికి తెలుస్తుంది? అబద్ధం ప్రమీలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది.

"పాలు శివుడివంట," అంది. "మేం అమ్మనే లేదంట."

మునియమ్మ నమిలేది ఆపింది.

"నువ్వు గూడా పాలు నీవేనని చెప్పేయి మునియమ్మా. నీ కార్డు నీకుంటాది, నీ ఎనుము నీకుంటాది. ఆయన్నే అట్ల చెప్పినాక నువ్వు పోగొట్టుకుంటే నాకేమొస్తాది? నేను తప్పు పట్టను."

మునియమ్మ రొట్టె మూటమీద పెట్టింది. "నన్నేమన్యా అన్యాడా?"

ప్రమీలమ్మ తల వంచుకుంది. ఆ రెండు రూపాయల మాట చెబితే మునియమ్మకు కోపం వస్తుంది. ఆ కోపంతో లోపలికి పోతే పని జరుగుతుంది. అది తెలిసే ఆమె చెప్పలేకపోయింది.

"ఏమీ అన్లేదు."

"నీకు అబద్ధం చెప్పేది రాదు ప్రమీలమ్మా. మీ అత్తను సూసి నేర్చుకోవాల్సింది."

రొట్టె రెండుగా తుంచి ఒక ముక్క చాపింది. ఊరు ఊరంతా వరండాలో నిలబడి చూస్తోంది. ప్రమీలమ్మ ఎడమచేత్తో అందుకుని, చెట్టు మొదట్లో మునియమ్మ పక్కనే కూర్చుని తిన్నది. ఆకలి అంత ఉందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. వరండాలో వెంకటేశులు అటు తిరిగి గొడుగు విప్పి చూసుకుంటున్నాడు.

మళ్ళీ కోర్టు కూర్చోగానే మునియమ్మను పిలిచారు. ఆమె బోనెక్కి, కొంగు భుజం చుట్టూ లాక్కుని నిలబడింది. ఆంజనేయులు ఆశ వదిలేసిన గొంతుతో అడిగాడు.

"ఈ పాలకార్డు ఎవరిది?"

"నాదే సామీ."

"ఇందులో పోసిన పాలు?"

ఆమె ఒకసారి ప్రమీలమ్మను చూసింది. "నావి కొంచెం. తక్కినవన్నీ ఆయమ్మవి."

"ఎన్నేళ్ళు పోశావు?"

"ఏడేండ్లు."

 ప్రమీలమ్మకు సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. కంపెనీ వకీలు లేచాడు. ఈసారి నవ్వుమొహం లేదు, గారూ లేదు.

"ఈ మాట చెప్పడానికి నీకు ఎంత ఇచ్చారు?"

"దినానికి వొక గ్లాసు కాఫీ ఇచ్చేవాళ్ళు. అది గూడా నిలిచిపాయె."

"ఈ కార్డు చూపించి బ్యాంకులో అప్పు తీసుకున్నావు. పాలు నీవి కావంటే అది మోసం. తెలుసా?"

"తెలుసు సామీ."

"నీ ఎనుమును తోలుకుపోతారు."

"తోలుకోని పోనీ. పొద్దున మేతేసేటప్పుడే దానికి చెప్పేసి వచ్చినా."

అంటే లోపల ఏం జరిగిందో తెలియకముందే, ఊరు కదలకముందే ఆమె నిశ్చయించుకుని వచ్చింది. నోటికేదొస్తే అది అన్నది ఊరికే. 

వకీలు కాగితాలు సర్దుకుని చివరి ప్రశ్న వేశాడు. "అయితే వెంకటేశులు గారు దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పారంటావు?"

 గొర్రెలు మేపుకునే మనిషి పెద్దింటివాణ్ణి అబద్ధాలకోరు అంటుందా అని వెనక బెంచీలు ముందుకు వంగాయి. మునియమ్మ వెంకటేశుల్ని చూసింది. అతను గొడుగు పిడి చూసుకుంటున్నాడు.

"ఆ మాట నేనెట్ల చెప్పేది సామీ? ఆయప్పకు తెలీకుండా ఉండచ్చు."

"ఏడేళ్ళు తన ఇంట్లో జరిగింది ఇంటాయనకు తెలియదా?"

"నేను క్యానుకు పోయేటప్పటికి కోడి గూడా కూసేది లేదు సామీ. ఆ పొద్దుకు ఆ ఇంట్లో లేసేది ఆయమ్మ వొకతే. తక్కినోళ్ళు కాఫీకే లేస్తారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వకీలు కూర్చున్నాడు. జడ్జిగారు రాస్తున్న కలం కింద పెట్టి, ముందు వరసలోకి చూశారు.

"వెంకటేశులు గారూ, ఇలా రండి. నేనే ఒక మాట అడుగుతాను. అభిషేకం సంగతి వదిలేయండి. మీ భార్య పాలు అమ్మేదని మీకు తెలుసా, తెలియదా?"

వెంకటేశులు గొడుగు బెంచీ మీద పెట్టి లేచాడు. తెలియదంటే ఏడేళ్ళు పెళ్ళాం కష్టం మీద నిద్రపోయిన మొగుడు. తెలుసంటే పొద్దున దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమాడినవాడు. ఏది చెప్పినా పరువు పోతుంది. కాని తెలుసన్న ఒక్క మాటలో ప్రమీలమ్మ వేళ్ళున్నాయి.

ప్రమీలమ్మ అతన్ని పిలవలేదు, బతిమాలలేదు. కొంగులోంచి కుడిచేయి తీసి, అతనికి కనబడేటట్టు ముందున్న బల్లమీద పెట్టింది.

వెంకటేశులు బోనెక్కి నోరు తెరిచాడు. ఆ చేతి వైపు చూడలేదు. పొద్దున చూసినట్టే వెనక బెంచీల వైపు చూశాడు.